బస్టాపుకి ఎదురుగా మిషనక్క

మిషను తెచ్చిన వాళ్ళని ఆమె ముందుగా ఏమీ అడగదు. ముక్కాలిపీట జరుపుతుంది. పాత గుడ్డముక్క ఒకటి చేతికిస్తుంది.

"కుట్టండి."

"పాడైందనే కదండీ తెచ్చాను?"

"పాడైనట్టే కుట్టండి."

వాళ్ళు కుడతారు. ఆమె సూది వైపు చూడదు. గుడ్డని తోసే చేతిని చూస్తుంది, వెనకనుంచి లాగే చేతిని చూస్తుంది. తొక్కే పాదం, బిగబట్టిన భుజం చూస్తుంది. దారం తెగినప్పుడు ముఖంలో ఏం కదిలిందో అదీ చూస్తుంది. సగం రోగం అక్కడే దొరుకుతుంది. మిగతా సగం కోసం స్క్రూడ్రైవరు తీస్తుంది.

ఇది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. "మిషనుని తర్వాత చూడొచ్చు. ముందు కుట్టే చేతిని చూడు" అనేవాడు.

ఒకసారి ఒక పెద్దాయన మిషను మోసుకొచ్చి, మూడు చోట్ల చూపించినా ఎవరివల్లా కాలేదని చెప్పాడు. ఆమె కుట్టించింది. రెండు నిమిషాలు చూసింది.

"మిషనుకి ఏ రోగమూ లేదండీ. మీ ఎడమచేతికే తొందరెక్కువ. దాన్ని కాసేపు ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టండి."

ఆయన చిర్రుబుర్రులాడుతూ వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా తోడల్లుడి మిషను పట్టుకుని తిరిగొచ్చాడు.

ఆమెకి యాభై నాలుగేళ్ళు. అసలు పేరు బ్యాంకువాళ్ళకి తెలుసు. మిగతా అందరికీ మిషనక్క. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. పెళ్ళి మాట ఎప్పుడొచ్చినా ఆమె ముందు ఏదో ఒక మిషను విప్పి ఉండేది. బిగించేలోపు మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు తమ్ముడూ మరదలూ ఉండే ఇంట్లో వెనక గది ఆమెది. పొద్దున లేచి కొట్టు తెరవడం, చీకటి పడే వేళకి మూయడం. ముప్పై ఏళ్ళుగా అంతే.

కొట్టంటే ఒక్క గది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. గోడకి మేకులు, మేకులకి తోలు బెల్టులు. దారం చుట్టే బాబిన్లు మందుసీసాల్లో ఉంటాయి. ఏ సీసాలో ఏవి ఉన్నాయో రాసి ఉండదు. చెయ్యి దానంతటది వెళ్ళి తెస్తుంది. లోపలికి రాగానే నూనె వాసన. కాసేపుంటే అది తెలియదు. ఇంటికి వెళ్ళాక చీరలో తెలుస్తుంది.

గుమ్మం పైన నాన్న చేత్తో రాసిన బోర్డు. 'కుట్టుమిషన్లు బాగుచేయబడును. అన్ని రకాలు. బస్టాపుకి ఎదురుగా.'

తమ్ముడు పదేళ్ళప్పుడు అడిగాడు. "నాన్నా, ఈ బోర్డు చదివేవాడు ఎలాగూ బోర్డు ముందే నిలబడి ఉంటాడు కదా? మళ్ళీ ఎదురుగా అని వాడికి చెప్పడమెందుకు?"

"వాడి కోసం కాదురా. వాడు వెళ్ళి పదిమందికి చెప్పడానికి."

ఆ జవాబు తమ్ముడికి నచ్చలేదు. పెద్దయ్యాక బస్సు కండక్టరయ్యాడు. ఆ జోకు మాత్రం వదల్లేదు.

కిందటేడు రోడ్డు వెడల్పు చేసి బస్టాపుని పక్కవీధికి మార్చారు. పెద్ద దూరమేం కాదు. కానీ మనుషులు బస్సు ఎక్కడ ఆగితే అక్కడే నడుస్తారు. పొద్దున బస్సు కోసం నిలబడి బోర్డు చదివేవాళ్ళు లేరు. సాయంత్రం దిగి, "అక్కా, మా మిషను మూలుగుతోంది, రేపు తెస్తాను" అని కేకేసేవాళ్ళు లేరు. గదిలో మిషన్లు తగ్గాయి. నెలకి పదిహేను వచ్చేవి ఆరయ్యాయి. తర్వాత మూడు. ఒక నెల ఒకటే వచ్చింది. దాన్ని ఆమె నాలుగు రోజులు బాగుచేసింది. ఒక్కరోజు పని.

ఒక మధ్యాహ్నం తమ్ముడు డ్యూటీ మధ్యలో వచ్చాడు. ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. టిక్కెట్ల సంచి ఒళ్ళోనే ఉంది.

"అక్కా, ఒకతను అడుగుతున్నాడు. ఫోన్లకి కవర్లు అమ్ముతాడు. ఈ గది కావాలట."

ఆ గది ఇద్దరిదీ. నాన్న అలా రాసి వెళ్ళాడు. ఆమె నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంది. అప్పటికే శుభ్రంగా ఉన్నాయవి.

"నేను పొమ్మనట్లేదక్కా. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఒక్కదానివే గోడకేసి చూస్తూ కూర్చుంటున్నావు. చూసేవాడికి బాధుండదా? జనం ఎక్కకపోతే ఎంత పెద్ద రూటైనా ఎత్తేస్తారు."

"ఎత్తేసేముందు ఎన్నాళ్ళు చూస్తారు?"

"ఆర్నెల్లు."

"మరి నాకు?"

వాడు కాసేపు పైకి చూశాడు. బెల్టులు కదలకుండా వేలాడుతున్నాయి.

"సరే, ఆర్నెల్లు. అప్పటికి ఈ గది నిండితే ఇక ఆ మాటే ఎత్తను. నిండకపోతే ఒకటో తారీఖున టేపు తెచ్చి కొలుస్తాను. అతనికి అరలు బిగించుకోడానికి కొలతలు కావాలట."

ఆ మాట ఇంట్లో మరదలు విన్నది. మరదలు బడి లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాలకి అట్టలు వేస్తుంది, వీపుల మీద నంబర్లు అంటిస్తుంది. ఏ పని మొదలుపెట్టినా చివరికంటా చేసే మనిషి.

"జనం బోర్డులు చూడట్లేదు వదినా. ఫోన్లో వెతుక్కుంటున్నారు. మనకీ ఒక వెబ్‌సైటు ఉండాలి. నేను చేస్తాను."

"నీకొచ్చా?"

"రాదు. ఆరు ఆదివారాలివ్వండి, వస్తుంది."

ఆ ఆరు ఆదివారాలూ వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని వదినా మరదళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. తమ్ముడు రెండుసార్లు తన టీ తానే పెట్టుకున్నాడు. మూడోసారి ముగ్గురికీ పెట్టాడు.

మిషనక్క ఫోనులో నలభై మూడు ఫొటోలున్నాయి. మిషను వచ్చిన రోజునే ఫొటో తీయడం ఆమెకి అలవాటు. ఎలా వచ్చిందో గుర్తుండాలి కదా. తుప్పు పట్టినవి, చక్రం ఊడినవి, ఎలుకలు బెల్టు కొరికినవి. ఒకదాంట్లో పిట్ట గూడు కూడా ఉంది.

"ఇవన్నీ పాడైనవే కదా వదినా?"

"ఎంత పాడైనవి నా దగ్గరికి వచ్చాయో జనానికి తెలియొద్దూ?"

"బాగైన తర్వాత తీసినవి లేవా?"

"బాగైనదాన్ని చూడ్డానికేముంది? వినాలి."

అందుకని శబ్దం పెట్టారు. నాన్న మిషనుకి నూనె వేసి, ఆమె నిమిషంపాటు ఆపకుండా తొక్కింది. మరదలు రికార్డు చేసింది. తర్వాత ఇద్దరూ కళ్ళు మూసుకుని విన్నారు. ఎక్కడా తొట్రుపాటు లేదు. వెబ్‌సైటు తెరవగానే ఆ శబ్దం దానంతటది వినిపించేలా అమర్చారు.

ప్రశ్నలు కూడా మిషనక్కవే. మిషను ఎన్నేళ్ళ నాటిది? ఇప్పటిదాకా ఎవరెవరు తొక్కారు? కూర్చునే పీట ఎత్తెంత? ఎడమచేతి వాటమా? కుట్టేటప్పుడు మాట్లాడతారా? పందొమ్మిది ప్రశ్నలు. అన్నిటికీ జవాబు రాస్తేగానీ పేజీ ముందుకి కదలదు. ఆమె లెక్కలో అది న్యాయమే. మనిషి ఎదురుగా ఉంటే చేతులు చూసేది, లేనప్పుడు అడక్క ఏం చేస్తుంది?

మిగతా సింగారం మరదలిది. పై నుంచి కిందికి పూరేకులు రాలుతూ ఉంటాయి. తెల్లటి పేజీ మీద లేతగులాబీ అక్షరాలు. చిట్టచివర ఫోను నంబరు. దాన్ని అంకెల్లో కొట్టడం మొరటుగా ఉందని బొమ్మగా గీసి, చుట్టూ తీగ అల్లింది. అడ్రసు కోసం కొట్టు దాకా వెళ్ళి, బోర్డు మీదున్నది ఉన్నట్టు దించుకొచ్చింది.

తమ్ముడు ఫోనులో తెరిచి చూశాడు. గది అంతా టకటకమంది.

"నాన్న మిషను కదా ఇది!"

చివరిదాకా చదివాడు. అన్నీ బాగున్నాయన్నాడు. రోజుకి ఎనిమిదిసార్లు ఆ దారిలో బస్సు ఆపించే మనిషి, అడ్రసు కూడా చదివాడు. బాగుందన్నాడు.

వెబ్‌సైటుని వారానికి ఎంతమంది చూశారో మరదలికి తెలుస్తుంది. రాత్రి అన్నాల దగ్గర చెప్పేది.

"ఈ వారం ముప్పై ఒక్కమంది చూశారు వదినా."

"ఫోను చేశారా?"

"చేస్తారు. ముందు చూడాలి కదా."

ఫోను మోగలేదు. మోగినప్పుడల్లా మరదలే. "ఏమన్నా ఫోను వచ్చిందా వదినా?"

రెండు నెలలయ్యాయి. ఫోను రాని వారమల్లా మరదలు వెబ్‌సైటుకి ఇంకొకటి తగిలించేది. ఒక వారం పూరేకులు రెట్టింపు చేసింది. ఇంకో వారం, తెరవగానే పేజీకి అడ్డంగా వచ్చి నిలబడే పెట్టె పెట్టింది. అందులో 'మీ రాక మాకు ఆనందం' అని ఉంటుంది. కొత్తది పెట్టినప్పుడల్లా తెచ్చి చూపించేది. మిషనక్క చూసి తల ఊపేది.

"ఎలా ఉంది వదినా?"

"నీ చెయ్యి పడ్డాక బాగుండకేం?"

నాలుగో నెల గడిచింది. మిషనక్క మందుసీసాలన్నీ దించి, కడిగి, మళ్ళీ పెట్టింది. గది కొలతలు ఆమెకి ఎటూ తెలుసు. అయినా ఒకరోజు గోడ నుంచి గోడకి అడుగులేసి చూసుకుంది. ఫోన్ల కవర్లు ఏ గోడకి వేలాడతాయో అనుకుంది. బహుశా బెల్టుల మేకులకే.

అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, ఎవరో గుమ్మంలో మిషనుని దబ్బున దించారు.

"మిషనక్కంటే మీరేనా?"

"నేనేనండీ."

"ఉన్నారన్నమాట! నేను మిమ్మల్ని కల్పించి రాశారనుకున్నాను."

వచ్చినావిడ నాటక కంపెనీకి వేషాల బట్టలు కుడుతుంది. భారీ మనిషి. మెడలో టేపు, బొటనవేలికి సూదిపోట్లతో గట్టిపడ్డ చర్మం. చెమట తుడుచుకుంటూ మొదలుపెట్టింది.

"ఇది నాకు మూడోసారమ్మా. మూడోసారి! వెబ్‌సైటులో బస్టాపుకి ఎదురుగా అని పెట్టారు. బస్సు దిగాను. ఎదురుగా ఏముంది? పళ్ళ డాక్టరు. చేతిలో ఇరవై కిలోల మిషను. లోపలికెళ్ళి అడిగితే, 'ఇక్కడ పళ్ళేనమ్మా, మిషన్లు కాదు' అంది కౌంటరు దగ్గరమ్మాయి. పోనీ ఫోను చేద్దామంటే మీ నంబరు నొక్కితే పలకదు. అదేదో ముగ్గులో ఇరికించారు, అంకెలు కూడా ఆనలేదు. రెండోసారి వస్తే మళ్ళీ ఆ పళ్ళే. నా పళ్ళకి ఏమీ కాలేదమ్మా, నా మిషనుకి అయింది!"

మిషనక్క ముక్కాలిపీట జరిపింది.

"ఇవాళ బస్సులో కండక్టరు మిషనుకి టిక్కెట్టు తీసుకోమన్నాడు. 'ఈ మిషనుకి మూడుసార్లు టిక్కెట్టు కొన్నానయ్యా, అది ఒక్కసారైనా చేరాల్సిన చోటికి చేరిందా' అని కడిగేశాను. ఎక్కడికమ్మా అన్నాడు. చెప్పాను. ఆ మనిషి ముఖం ఎలా అయిందో తెలుసా? డబ్బులు వెనక్కిచ్చేశాడు. బస్సు ఆపించి, సందు మొదట్లోదాకా తనే మోశాడు."

ఎవరా కండక్టరని మిషనక్క అడగలేదు.

"కూర్చోండి. కుట్టండి" అంది.

వేషాలావిడ కుట్టింది. చేతులు మంచివి. మెత్తగా, తొందర లేకుండా కదిలాయి. రోగం మిషనుదే. కింది దారాన్ని నడిపే షటిలు అంచు అరిగి గరుకుదేలింది. అరగంటలో మిషనక్క దాన్ని నునుపు చేసి బిగించింది. ఆవిడ మళ్ళీ తొక్కి చూసుకుంది.

"ఇంత పనిమంతురాలివి, అలాంటి వెబ్‌సైటు ఎందుకు పెట్టుకున్నావు తల్లీ?" ఈసారి వేషాలావిడ గొంతు తగ్గింది. "నేను ముందర అది పాత ఇనుము కొనేవాళ్ళదనుకున్నాను. అన్నీ విరిగిన బొమ్మలే."

మిషనక్క ఆలోచించింది. తర్వాత పీటని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఒక్క సాయం చేస్తారా? మీ ఫోన్లో అది తెరవండి. నేనేమీ మాట్లాడను. మామూలుగా ఎలా చూస్తారో అలా చూడండి."

"ఇప్పుడా? మళ్ళీనా?"

"పాడైనట్టే చూడండి."

ఆవిడ తెరిచింది. మిషనక్క ఫోను వైపు చూడలేదు. చెయ్యి చూసింది.

ముందు ఏమీ రాలేదు. తెల్లగా ఉండిపోయింది. బొటనవేలు గాల్లో నిలబడింది. ఒకటి, రెండు, మూడు అంటూ పది దాకా లెక్కపెట్టుకుంది మిషనక్క. నలభై మూడు ఫొటోలు ఒక్కొక్కటే ఎక్కడో కదులుతున్నాయి. చేతిలో సుద్దముక్క ఉంది. బల్ల మీద ఒక గీత గీసింది.

ఉన్నట్టుండి టకటకటక. వేషాలావిడ భుజాలు ఎగిరాయి. ఫోను జారబోయింది. రెండో గీత. నాన్న మిషను అది. కొట్టులో విన్నట్టు లేదు. ఎవరో తలుపు బాదుతున్నట్టుంది.

పెట్టె అడ్డం వచ్చింది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. ఆ గట్టిపడ్డ వేలు దాని మీద నొక్కింది, పక్కన నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఆనందం పోలేదు. మూడో గీత. లేతగులాబీ అక్షరాలు చదవడానికి ఆవిడ ఫోనుని దూరం పెట్టింది, దగ్గర పెట్టింది. మీద పూలు రాలుతున్నాయి. నాలుగో గీత. ప్రశ్నలు వచ్చాయి. మొదటిదానికి జవాబు కొట్టింది. రెండోది చదివింది. వేలు ఆగింది.

"ఎవరెవరు తొక్కారా? నాకేం తెలుసమ్మా? సెకండుహ్యాండులో కొన్నాను."

అయిదో గీత కాస్త వంకరగా వచ్చింది.

అక్కడికి వేషాలావిడ ఫోను మూసేసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంతే. ఇక్కడే మూసేసేదాన్ని. ఓపికున్నవాళ్ళు నంబరు దాకా వెళ్తారు. నేను వెళ్ళాను, ఎందుకంటే నా మిషనుని మిగతావాళ్ళెవరూ ముట్టుకోలేదు."

"నా మిషను తెరిచి చూసినట్టుంది" అంది మిషనక్క. "ముప్పై ఏళ్ళుగా అందరి చేతులూ చూశాను. నాది నేను చూసుకోలేదు."

గీతల్ని చెరపలేదు. గీతల్లో కొన్ని తనవి, కొన్ని మరదలివి. తనవి ఎలాగైనా తీసేయొచ్చు. మరదలివి ఎలా చెప్పడం? ఆరు ఆదివారాలు. ఆ తర్వాత ప్రతి వారమూ ఒక రాత్రి. మెచ్చుకున్నది తనే. నీ చెయ్యి పడ్డాక బాగుండకేం అన్నది తనే.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆమె ముందుగా తనదే ఎత్తింది.

"అమ్మాయ్, ఆ శబ్దం తీసేద్దాం."

మరదలు చేతులు ఆగిపోయాయి. "నిజంగానా వదినా?"

"నిజంగానే."

"వదినా, ఒక మాట చెప్పనా? మొదటివారమే లైబ్రరీలో మా హెడ్‌మాస్టరుగారికి చూపిద్దామని తెరిచాను. చదువుకుంటున్న పిల్లలందరూ ఒక్కసారి తలలెత్తారు. 'లైబ్రరీలో టైలరింగు కూడా మొదలుపెట్టావామ్మా' అన్నారాయన. నాకు ఏడుపొచ్చినంత పనైంది."

"మరి చెప్పలేదేం?"

"నాన్నగారి మిషను కదా. మీరు కళ్ళు మూసుకుని విన్నారు."

మిషనక్క మరదలి చేతి మీద చెయ్యి వేసింది. ఇప్పుడు చెప్పొచ్చనిపించింది.

"నీ పూలున్నాయే."

"ఊఁ."

"నా కళ్ళలో పడుతున్నాయే అమ్మాయ్, నాలుగు నెలల్నించీ."

మరదలు  బల్ల మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. లోపలి గదిలోంచి తమ్ముడు వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

తర్వాత పని తేలికైంది. ఒకరిది ఒకరు తీసేశారు. ఫొటోలు నేను తీసేస్తానని మరదలంటే, పెట్టె నేను తీసేస్తానని వదిన. ప్రశ్నల దగ్గర మాత్రం మిషనక్క కొంచెం గింజుకుంది. పందొమ్మిదిలో ఒక్కటైనా ఉంచమంది.

"ఏది?"

"ఎడమచేతి వాటమా అన్నది."

"వాళ్ళు వచ్చాక మీకు కనబడుతుంది కదా వదినా?"

"కనబడుతుంది."

అదీ పోయింది.

అడ్రసు దగ్గరికొచ్చారు. వేషాలావిడ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతి మిషనక్క అప్పుడు బయటపెట్టింది.

"పళ్ళ డాక్టరేంటి వదినా? మనం బస్టాపుకి ఎదురుగానే కదా..." అని మరదలు ఆగిపోయింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. భర్త వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నువ్వైనా చెప్పొద్దూ?" అంది మిషనక్క.

"నాకెలా తోస్తుందక్కా? నాకు ఇంటి బస్టాపు వేరు, డ్యూటీ బస్టాపు వేరు. ఆవిడ ఆ మిషను పట్టుకుని నన్ను తిడుతుంటే అప్పుడు తెలిసింది, ఆ ఇంటి బస్టాపు ఇప్పుడు లేదని."

సోమవారం వదినా మరదళ్ళు కొత్త బస్టాపులో నిలబడ్డారు. ఆ వీధిలో ముందెన్నడూ అడుగుపెట్టనివాళ్ళలాగా చుట్టూ చూశారు. ఎదురుగా నిజంగానే పళ్ళ డాక్టరు. లోపలికెళ్ళారు. కౌంటరు దగ్గరమ్మాయి లేచి నిలబడింది.

"మిషనక్కంటే మీరా! ఈ మూడు నెలల్లో పదకొండుమంది వచ్చారండీ మీకోసం. నాకు మీరెక్కడుంటారో తెలిస్తే కదా చెప్పడానికి. ఒకాయనైతే మిషను ఇక్కడే దించి, ఎలాగూ వచ్చాను కదా అని పన్ను పీకించుకుని వెళ్ళాడు."

పదకొండుమంది. మిషనక్క బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ అక్కర్లేదనుకుంది. అక్కరై, మోసుకొచ్చి, వెనక్కి వెళ్ళారు.

"లేవండి వదినా. దారి రాయాలి" అంది మరదలు.

దారి నడుస్తూ రాశారు. పళ్ళ డాక్టరు పక్క సందు. సందు చివర నీళ్ళ కొళాయి. అక్కడ ఎడమచేతికి తిరిగితే మూడో తలుపు, నీలం రంగుది. మిషను బరువు కదా, నడవలేకపోతే ఫోను చేయండి, కొళాయి దాకా వచ్చి పట్టుకుంటాను. ఆ చివరి మాట మిషనక్క చెప్పింది. ఉన్నదున్నట్టు పెట్టింది మరదలు.

కొత్త పేజీలో అన్నిటికన్నా పైన ఫోను నంబరు, నొక్కితే మోగేది. కింద దారి. ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఏయే మిషన్లు చూస్తుంది, మామూలు పనికి ఎన్ని రోజులు పడుతుంది. ఒక్క ఫొటో. తెల్ల గుడ్డ మీద నల్లదారంతో వేసిన ఒక్క కుట్టు, ఈ చివర నుంచి ఆ చివరిదాకా, సూటిగా. అక్షరాలు నల్లవి. ఒక మూల ఒకే ఒక్క పూరేకు, రాలకుండా ఉంది. అది ఉండాలని పట్టుబట్టింది మిషనక్క.

మూడోరోజు ఫోను మోగింది. మరదలనుకుని, "రాలేదే అమ్మాయ్" అంది. అవతల ఎవరో మగగొంతు, "కుట్టుమిషను ఒకటుందండీ" అంది.

ఒకటో తారీఖు వచ్చింది. తమ్ముడు చెప్పినట్టే టేపు తెచ్చాడు. మాటంటే మాటే. గుమ్మంలో చెప్పులు విడిచి, టేపు కొస గోడ మూలకి ఆనించి లాగాడు. రెండడుగులు రాగానే మిషను కాలు అడ్డం వచ్చింది.

"ఇదెవరిది?"

"పక్క ఊరి టైలరుది. ఎల్లుండికి కావాలి."

ఇంకోవైపు నుంచి లాగాడు. మళ్ళీ అడ్డం.

"ఇది?"

"వేషాలావిడది. ఇదివరకు వచ్చిందానికి అక్క."

గోడ వారనే పోదామని చూశాడు. అక్కడ రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి. మొత్తం ఏడు. గది నిండిందనడానికి లేదు. కానీ టేపు పరచడానికి సూటిగా చోటెక్కడా లేదు. వాడు నడుం వంచి అటూ ఇటూ తిరిగాడు. ఆమె పని ఆపి చూస్తూ కూర్చుంది. చేతులు చూసింది. టేపు లాగే చెయ్యి గట్టిగా లాగడం లేదు. మిషను కాలు తగలగానే, అదే చాలన్నట్టు ఆగిపోతోంది.

"నువ్వు కొలవడానికి రాలేదురా" అంది.

వాడు టేపు చుట్టేశాడు. "మరి ఫోను కవర్లవాడికి ఏం చెప్పను?"

"కొలవడానికి చోటు లేదని చెప్పు."

వాడు నవ్వి పీట మీద కూర్చోబోయాడు. పీట మీద మోటారు ఉంది. నిలబడే ఉన్నాడు.

వాడు చెప్పని సంగతి ఒకటి ఆ ఉదయమే వచ్చిన మనిషి చెప్పేసింది. పళ్ళ డాక్టరు స్టాపులో ఒక కండక్టరు రోజూ కేక పెడతాడట. "పళ్ళ డాక్టరు, మిషనక్క! దిగేవాళ్ళు దిగండి!" అని. మిషనక్క ఆ మాట ఎత్తలేదు. టీ గ్లాసు వాడి చేతికిచ్చింది.

టీ తాగుతూ వాడు గుమ్మం పైకి చూశాడు.

"వెబ్‌సైటులో మార్చారు సరే. ఆ బోర్డు సంగతేమిటక్కా? ఇంకా బస్టాపుకి ఎదురుగా అనే ఉంది. టేపు ఎలాగూ తెచ్చాను, కొలిచి ఇస్తే కొత్తది రాయిస్తాను."

ఆమె షటిలుని వెలుతురులోకి ఎత్తి చూస్తోంది. ఎత్తిన చెయ్యి దించకుండానే చెప్పింది.

"ఉండనీరా. అది చదివేవాడు ఎలాగూ వచ్చేసి ఉంటాడు కదా."